పిన్ని పెళ్లిలో రాకుమారి నడుము

మా ఎస్తేరు పిన్ని పెళ్లి నా నడుము వల్ల ఆగిపోయింది.

కంగారు పడకండి, పూర్తిగా ఆగలేదు. పెళ్లికొడుకు కొత్త సూటులో చెమటకు తడిసి ముద్దయ్యేదాకా, ఆయన తల్లి గుండె పట్టుకుని బెంచీ మీద కూలబడేదాకా, తల నెరిసేవరకూ పెళ్లిళ్లు చేసిన పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకునేదాకా మాత్రమే ఆగింది. ఇంత ఘనకార్యం చేసినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ వయసులో పిల్లలు గాజు గ్లాసులు పగలగొడతారు, లెక్కల్లో సున్నాలు తెచ్చుకుంటారు. నేను కొంచెం పెద్దగా ఆలోచించాను.

అప్పట్లో మేం మెట్టుగూడలో ఉండేవాళ్లం. నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా, అమ్మ టీచరు. గుంటూరు నుంచి మాతోపాటు వచ్చేసిన అమ్మమ్మ వంటింటికి మహారాణి. అమ్మ చెల్లెలు ఎస్తేరు పిన్ని నర్సు. నా పేరు బ్లెస్సీ. కానీ నన్ను చూసినవాళ్లెవరైనా ముందు బుగ్గలు గిల్లి, ఆ తర్వాతే పేరు అడిగేవారు. బుగ్గలకు తగ్గ పొట్ట, పొట్టకు తగ్గ నడుము, అన్నీ ఒకే పిండితో చేసినట్టు ఉండేవి. దాని గురించి నాకు ఏ బాధా లేదు, మా వీధికి కేబుల్ టీవీ వచ్చేదాకా.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. అందులో ఒక రాకుమారి. గుర్రమెక్కి రాక్షసుల్ని తరిమేది, హిందీలో పాడేది, ఎంత తరిమినా ఎంత పాడినా జడ చెదిరేది కాదు. కళ్లు సాసర్లంత. నడుము మాత్రం అప్పడాల కర్రంత. నిజం చెబుతున్నాను, ఆవిడ రెండు కళ్లూ పక్కపక్కన పెడితే నడుమంత వెడల్పు! అంత నడుముతో గుర్రం మీదికి దూకినప్పుడు ఆవిడ రెండు ముక్కలెందుకు కాలేదన్న అనుమానం నాకు రాలేదు. నాకు తోచింది వేరే. ఆ కథలో మంచివాళ్లందరికీ సన్న నడుములు. మంత్రగత్తెకూ, గయ్యాళి సవతి తల్లికీ, ఎప్పుడూ గరిటె పట్టుకుని తుమ్ముతూ ఉండే వంటమనిషికీ మాత్రం నాలాంటి నడుములు. మధ్యమధ్య ప్రకటనల్లో బిస్కెట్లు తినే పిల్లలు కూడా జీవితంలో బిస్కెట్టు ముఖం చూడనట్టు ఉండేవారు.

సరిగ్గా అప్పుడే పిన్ని పెళ్లి కుదిరింది.

పిన్నికి ముప్పై దాటాయి. అంతకుముందు వచ్చినవాళ్లలో ఒకాయన 'అమ్మాయి కాస్త పొట్టి' అన్నాడు. ఇంకొకాయన రంగు దగ్గర ఆగిపోయాడు. మరొకాయన తల్లి పిన్నిని హాల్లో అటూ ఇటూ నడిపించి చూసి, "ఆలోచించి చెబుతాం" అని వెళ్లింది. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉందేమో తెలియదు. నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన విక్టర్ బాబాయి మాత్రం కాఫీ తాగి, "నైట్ డ్యూటీ ఉన్నరోజు అన్నం ఎప్పుడు తింటారండీ?" అని అడిగి ఊరుకున్నాడు. పిన్ని వెంటనే సరేనంది. ఈ ఒక్క సంబంధమూ చెడకూడదని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నారు. ఆ విద్యలో త్వరలో నేను వాళ్లందర్నీ మించిపోతానని అప్పటికి నాకు తెలియదు.

"తోడు పెళ్లికూతురివి నువ్వేనే" అంది పిన్ని నాతో. లావెండరు రంగు శాటిన్ గౌను, చేతిలో పూలగుత్తి, పిన్ని ముసుగు అంచు పట్టుకుని వెనకాల నడవడం! నేను నేల మీద లేను. కానీ బట్టల దుకాణంలో మా అత్తయ్య, అదే నాన్న చెల్లెలు, శాటిన్ తాను వైపు చూసి, నా వైపు చూసి, "ఈ పిల్ల గౌనుకు ఒక తాను సరిపోతుందంటావా వదినా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బీరువా అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి లాక్కుని చూసుకున్నాను. లాక్కున్నంతసేపూ రాకుమారిని, వదలగానే వంటమనిషిని. కాస్త ఏడుపొచ్చింది. అద్దం ముందు ఏడిస్తే బుగ్గలు ఇంకా లావుగా కనిపించాయి. అందుకని ఏడుపు కూడా మానేసి, ఉపాయం ఆలోచించాను.

నా ఉపాయాలన్నిటిలో సగం వాటా పక్కింటి స్వరూపది. నా ఈడుదే, నా క్లాసే. దాన్ని రెండిళ్లలోనూ అందరూ చిట్టి అనే పిలిచేవారు. స్కూల్లో హాజరు పలికేటప్పుడు తప్ప దాని పేరు స్వరూప అని దానికే గుర్తుండేది కాదు. నాకు మాత్రం ఆ పేరు గొప్పగా అనిపించి, నేనొక్కదాన్నే అలా పిలిచేదాన్ని. దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి. మా నాన్న గుర్తుంచుకోలేదు.

ఆ ఆదివారం నేను జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి టీవీ అద్దానికి ఆనించాను.

"ఏం జేస్తున్నవే?" అంది స్వరూప.

"రాకుమారి నడుము కొలుస్తున్నా. కదలకుండా ఉన్నప్పుడు చెప్పు."

"గుర్రం మీద ఉర్కుతుంది గదనే! జెర ఆగుమను."

"నేను ఆగమంటే ఆగుతుందా?"

రాకుమారి చివరికి చెట్టు కింద కూర్చుని ఏడ్చేటప్పుడు దొరికింది. ముఖం ఎంత వెడల్పో నడుమూ అంతే వెడల్పు. ఇక మిగిలింది లెక్క. నా ముఖం వెడల్పు కొలిచి, దాన్ని గుండ్రంగా తిప్పితే ఎంతవుతుందో స్వరూప వేళ్ల మీద లెక్కబెట్టి, "పద్దెనిమిది అంగుళాలు" అని తీర్పు చెప్పింది. నా అసలు నడుము ఇరవై ఎనిమిది. తేడా పదేగా అనుకున్నాం ఇద్దరం. లెక్కల్లో మాకు ఎలాంటి మార్కులొచ్చేవో మీకిప్పుడు అర్థమైపోయి ఉంటుంది.

అమ్మ అప్పటికే బోయిగూడలో యాదగిరి అనే టైలరు దగ్గర నా కొలతలు ఇప్పించి వచ్చింది. మర్నాడు స్కూలు వదలగానే మేమిద్దరం అక్కడికి వెళ్లాం.

"అంకుల్, నా గౌనుకు నడుము కొలత మార్చాలి. పద్దెనిమిది పెట్టండి."

యాదగిరి మిషను ఆపాడు. "పద్దెనిమిదా? నడుమేనా బిడ్డా, మెడనా?"

"నడుమే. పెళ్లి నాటికి సన్నబడతాను."

"అమ్మకు ఎరుకేనా?"

"అమ్మనే తోలిచ్చింది" అంది స్వరూప. అబద్ధం దగ్గర దానికి తడబాటు ఉండేది కాదు.

"సరే. లోపట జెర గుడ్డ ఇడుస్తా తియ్. టైటయితే మల్ల ఇప్పుకోవచ్చు."

"వద్దంకుల్! లోపల గుడ్డ ఉంటే లావుగా కనిపిస్తాను. మొత్తం కత్తిరించెయ్యండి."

నన్ను కాపాడగలిగిన ఆ ఒక్క పేలికనూ నా నోటితోనే కత్తిరించేశాను చూశారా! పైగా యాదగిరికి పౌరుషం కూడా వచ్చింది. "గిసుంటి నడుము నా సర్వీసుల కుట్టలే. సూడు బిడ్డా ఎట్ల కుడ్తనో! పెండ్లిల అందరు నీ దిక్కే సూడాలె."

ఆ మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

ఇక సన్నబడే యజ్ఞం షురూ అయింది. పొద్దున ఇడ్లీలు స్వరూపకి ధారపోశాను. మధ్యాహ్నం బాక్సులో అన్నం స్వరూపకి. దానికి రెండు బుగ్గలొచ్చాయి. నేను సాయంత్రం దాకా రుషిలా ఉండి, దీపాలు పెట్టే వేళకు నాన్న తెచ్చే ఉస్మానియా బిస్కెట్ల పొట్లం చూడగానే రాక్షసిలా మారిపోయేదాన్ని. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే దోసెలు కనిపించేవి. అమ్మమ్మ నా కంచం వైపు చూసి చూసి ఒకరోజు, "నా చేతి వంట చేదైపోయిందటే నీకు?" అంది. అప్పుడైనా నిజం చెప్పేస్తే బావుండేది. "పొట్టలో నొప్పమ్మమ్మా" అన్నాను. ఆవిడ వాము కషాయం కాచి, ముక్కు మూసి తాగించింది. రాకుమారులు పడే కష్టాలన్నీ టీవీలో చూపించరని అప్పుడు తెలిసింది.

పెళ్లిరోజు రానే వచ్చింది. గౌను కూడా, టైలర్ల ఆనవాయితీ ప్రకారం, సరిగ్గా ఆ పొద్దున్నే వచ్చింది. అమ్మా వాళ్లూ పిన్నిని ముస్తాబు చేసే హడావిడిలో ఉన్నారు. నేనూ స్వరూపా వెనక గదిలో తలుపేసుకున్నాం.

గౌను చూస్తే కళ్లు తిప్పుకోలేం. తొడుక్కుంటే వీపు మీద జిప్పు నడుము దగ్గరికొచ్చి, గేటు పడ్డ రైలు క్రాసింగు దగ్గర లారీలా నిలబడిపోయింది.

"ఊపిరి ఇడువు" అంది స్వరూప.

"విడిచా."

"ఇంకా ఇడువు."

"ఇంక లేదే!"

అది పరుగెత్తుకెళ్లి వాళ్లమ్మ నడికట్టు పట్టుకొచ్చింది. తమ్ముడు పుట్టినప్పుడు బాలింత నడుముకు కట్టిన పాత నూలు చీర. ఒక కొస కిటికీ ఊచకు ముడేసి, రెండో కొస నాకు చుట్టి, నన్ను బొంగరంలా తిప్పింది. తర్వాత నా వీపుకు మోకాలు ఆనించి, పరుపుచుట్ట బిగించే కూలీలా లాగింది. జిప్పుకు కొవ్వొత్తి రాసింది. "యేసయ్యా" అని నేను, "ఎల్లమ్మ తల్లీ" అని అది, ఇద్దరం చెరో వైపు మొక్కుకున్నాక జిప్పు పైకి వెళ్లింది.

"ఎట్లుందే?"

"మాట్లాడించకు. గాలి అయిపోతుంది."

కారులో కూర్చోవడం కుదరక సీటుకు అడ్డంగా కర్రలా వాలాను. "సరిగ్గా కూర్చోవే!" అంది అమ్మ. "గౌను నలుగుతుందమ్మా" అన్నాను, ఒక్కో మాటకూ మధ్య ఒక్కో విరామంతో. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. చర్చి గుమ్మంలో అద్దాల తలుపులో నన్ను నేను చూసుకున్నాను. అచ్చం రాకుమారే! ఆ క్షణంలో ఊపిరి లేకపోయినా ఫరవాలేదనిపించింది. అత్తయ్య నోరు తెరుచుకుని చూసింది. అదొక్కటి చాలనిపించింది.

పాటలయ్యాయి. ప్రార్థన మొదలైంది. మా పాస్టరుగారు దేవుడికి దేశాధినేతల దగ్గర్నుంచి వంటవాళ్ల దాకా అందరినీ పేరుపేరునా అప్పగిస్తారు. ఆయన ఇంకా ఢిల్లీ దాటకముందే నా కళ్ల ముందు మిణుగురులు తిరిగాయి. చివరికి ఆమెన్ అన్నారు. గొంతు సవరించుకుని, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలని, తర్వాత చెప్పి లాభం లేదని, గ్రాంథికంలో గంభీరంగా ప్రకటించి ఆగారు.

అందరికీ తెలిసిందే కదా, అక్కడ ఎవరూ ఏమీ అనరు. అదొక మర్యాద. చర్చి అంతా నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ట...ర్ర్ర్ర్ర్ర్!

చాపను రెండుగా చీల్చినట్టు మోగింది. జిప్పు మెడ దగ్గర్నుంచి అడుగుదాకా విడిపోయింది. పాస్టరుగారు తలెత్తారు.

"ఎవరది?"

సండేస్కూల్లో పెరిగినదాన్ని. పెద్దవాళ్లడిగితే నిజమే చెప్పాలి. "నేనే అయ్యగారూ" అన్నాను.

"నీకా అమ్మా అభ్యంతరం?"

జిప్పు పోయిందే గానీ నడికట్టు పోలేదు. లోపల అది పట్టిన పట్టు విడవలేదు. "ఇంక... నావల్ల... కాదయ్యగారూ" అన్నాను.

"ఏం జరిగిందమ్మా? భయపడకుండా చెప్పు."

"ఎవరికీ... చెప్పొద్దనుకున్నాం."

పెళ్లికొడుకు తల్లి "ప్రభువా!" అంది.

"ఎప్పట్నుంచి ఇది?"

"సంబంధం... కుదిరినప్పట్నుంచి."

"ఇంకెవరికి తెలుసు?"

"స్వరూపకి."

ఆ పేరు చర్చిలో నాలుగు గోడలకూ కొట్టుకుని తిరిగి వచ్చింది. పెళ్లికొడుకు మేనమామ లేచి నిలబడ్డాడు. "స్వరూప ఎవరు?" అన్నారు పాస్టరుగారు. పిన్ని ముసుగులోంచే పక్కకు తిరిగి, చాలా మెల్లగా, "స్వరూప ఎవరండీ?" అంది. పిన్నికి ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో అంతా ఆ గొంతులో వినిపించింది.

"నాకు తెలియదు ఎస్తేరూ! నాకు ఏ స్వరూపా తెలియదు!" అన్నాడు బాబాయి. అప్పుడే చెమట మొదలైంది.

"మా వాడు అట్లాంటోడు కాదు!" అన్నాడు మేనమామ.

"మరి పసిపిల్లకు ఆ పేరెలా తెలిసిందండీ?" అని మా నాన్న ఎదురు లేచాడు. పొద్దున్నే ఆ స్వరూపకి తన చేత్తో ఇడ్లీలు పెట్టిన మనిషి! పెళ్లికొడుకు తల్లి బెంచీ మీద కూలబడింది.

అప్పుడు వెనక వరసలోంచి, పట్టులంగా, జడగంటలతో ఒక పిల్ల బెంచీ ఎక్కి నిలబడింది. "నేనే అంకుల్ స్వరూప! తప్పయింది. బాగ గట్టిగ గుంజిన. గా నడికట్టు మా అమ్మది. మల్ల ఇయ్యాలె!"

అమ్మ అప్పుడు చూసింది నా వీపును. గౌను రెండు రెక్కలుగా విచ్చుకుని ఉంది. మధ్యలోంచి నడికట్టు కొస తోకలా నేల దాకా వేలాడుతోంది. మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒక బెంచీ, ఆ తర్వాత అన్ని బెంచీలూ. నేను రెండు చేతులతో గౌను పట్టుకుని, పూలగుత్తి కింద పడేసి, ముక్కు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేక నిలబడ్డాను. ఇన్నేళ్లకు మీకు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ క్షణంలో నేల చీలితే బావుండుననుకున్నాను.

నేల చీలలేదు. బాబాయి తన సూటు కోటు విప్పి నా మీద కప్పాడు. అది నాకు మోకాళ్లు దాటింది. గుండీలు పెడుతూ ఒంగి నా చెవిలో అన్నాడు: "ఏడవకు. నా ప్యాంటు కూడా పిన్నీసు మీదే నిలబడింది. కోటుందని ధైర్యంగా ఉన్నా. ఇప్పుడు నీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్లొచ్చాయి. పిన్ని ముసుగు కూడా ఊగుతోంది. విన్నదన్నమాట. పిన్ని చెయ్యి కోటు లోపలికి పోనిచ్చి, నర్సు వేళ్లతో ఒక్క లాగులో నడికట్టు ముడి విప్పేసింది. ఎంత గాలి పీల్చానో తెలుసా! మెట్టుగూడ నుంచి బోయిగూడ దాకా ఉన్న గాలంతా నాలోకే వచ్చినట్టనిపించింది.

పాస్టరుగారు పద్ధతి తప్పని మనిషి. ఆ ప్రశ్న మళ్లీ మొదట్నుంచి అడిగారు. ఈసారి నిశ్శబ్దం అంటే నిశ్శబ్దమే.

టక్.

చిన్న చప్పుడు. పిన్నీసు చప్పుడు. బాబాయి ఎడమ చెయ్యి మెరుపులా నడుము మీదికి పోయింది. పాస్టరుగారు పుస్తకంలోంచి తలెత్తలేదు. "అభ్యంతరాలేవీ వినబడలేదు" అని పేజీ తిప్పారు. బాబాయి ఒంటిచేత్తో ఉంగరం తొడిగాడు. పెళ్లి ఫొటోలన్నిటిలోనూ ఆయన చెయ్యి పొట్ట మీదే ఉంటుంది. చూసినవాళ్లంతా పాపం కడుపునొప్పేమో అనుకుంటారు.

విందులో పిన్ని ముసుగు వెనక్కి వేసుకుని, రెండు బిర్యానీ ప్లేట్లతో వచ్చి నా పక్కన కూర్చుంది. బాబాయి అటుపక్క. నేను కోటులోనే ఉన్నాను. రాకుమారి సంగతి, స్కేలు సంగతి, అంతా చెప్పేశాను.

పిన్ని సావధానంగా విని, "అంత నడుములో కాలేయం ఎక్కడ పెట్టారే ఆవిడకి?" అంది. "పేగులు? గుర్రానికి తగిలించుకుని తిరుగుతుందా?"

నేనది ఆలోచించలేదు.

"ఊపిరి పీల్చాలంటే పొట్ట కదలాలే పిచ్చిదానా. గీసినవాడికేం, గీత గీసి ఇంటికెళ్లిపోతాడు. బతకాల్సింది నువ్వు." నా ప్లేటులో ఇంకో ముక్క వేస్తూ అంది, "నన్ను కూడా నడిపించి చూశారుగా. నా నడుమెంతో నాకు ఇవాళ్టికీ తెలియదు. పడిపోయిన పేషెంటును లేపి కూర్చోబెట్టగలుగుతున్నాను. నాకది చాలు. తిను."

తిన్నాను. అమ్మమ్మ దూరం నుంచి చూసి కళ్లు తుడుచుకుని, గిన్నెతో సహా వచ్చేసింది.

"మరి మీ సంగతేంటి?" అంది పిన్ని బాబాయితో.

ఆయన తల దించుకున్నాడు. "సూటు గుడ్డ ప్రకటనలో ఒకడు మెట్లు దిగుతూ ఉంటాడు చూశావా? వాణ్ని చూసి నడుము రెండు సైజులు తక్కువ కుట్టించాను. తొడగ్గానే గుండీ ఊడిపోయింది."

"ఇంకో పిన్నీసు అడిగి తీసుకోలేకపోయారా?"

"ఎవర్నడగను? సిగ్గు!"

పిన్ని పకపకా నవ్వింది. అలా నవ్వగా మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ చూడలేదు. ఆ నవ్వు చూసి బాబాయికి ఆవేశం వచ్చింది. "లే బ్లెస్సీ, మనిద్దరం అందరి ముందూ ప్రమాణం చేద్దాం" అని లేచి నిలబడ్డాడు. నేనూ లేచాను. హాలంతా మా వైపు తిరిగింది. కుడిచేతులు బిర్యానీలో ఉన్నాయి కనుక ఇద్దరం ఎడమచేతులు పైకెత్తాం. "ఊపిరి పీల్చడానికి చోటు లేని బట్ట ఈ జన్మలో తొడగబోమని..." అని బాబాయి గంభీరంగా మొదలుపెట్టాడు.

అంతవరకూ ఆ ఎడమచెయ్యి ఏం పట్టుకుని ఉందో ఆయనా మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను. ప్యాంటు మరిచిపోలేదు.

ప్రమాణానికి మాత్రం నేను ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. బాబాయి దానికి ఇంకొక నిబంధన కలుపుకున్నాడు: ఇకమీదట ఎంత గొప్ప ప్రమాణమైనా సరే, కూర్చునే చేయాలి.